అక్షౌహిణి నుండి పటాలము వరకు

కురుక్షేత్రమున పాండవుల పక్షమున ఏడు, కౌరవుల పక్షమున పదునొకండు అక్షౌహిణుల సేన నిలిచినదని భారతశ్రోతలందరికిని విదితమే. అయితే అక్షౌహిణి యనగా ఎంత? ఆదిపర్వము దీనికి చక్కని లెక్క చెప్పుచున్నది. ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, ఐదుగురు కాల్బంట్లు కలిసినచో ‘పత్తి’. మూడు పత్తులు ఒక సేనాముఖము. ఇట్లే మూడింతలు చేయుచు పోగా గుల్మము, గణము, వాహిని, పృతన, చమువు, అనీకిని క్రమముగా ఏర్పడును. పది అనీకినులు ఒక అక్షౌహిణి. అందు రథములు 21,870, ఏనుగులు 21,870, గుఱ్ఱములు 65,610, కాల్బంట్లు 1,09,350.

ఈ మూడింతల క్రమము వేడుకకు చేసినది కాదు. ఒక నాయకుడు తన కంటితో చూచి, గొంతుతో పిలిచి నడుపగలవారు కొందరే. అందుచే పెద్ద సేనను చిన్న చిన్న భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క నాయకుని నిలుపవలెను. నేటి భారత సైన్యమునందును ఇదే సూత్రము కానవచ్చును. పదిమంది జవానులు ఒక సెక్షను. మూడు సెక్షనులు ఒక ప్లటూను. మూడు ప్లటూనులు ఒక కంపెనీ. నాలుగు కంపెనీలకు తోడు సహాయక దళములు చేరినచో సుమారు ఎనిమిది వందల మంది గల బెటాలియను. దీనినే మనవారు పటాలమందురు. సాధారణముగా మూడు పటాలములు ఒక బ్రిగేడు, మూడు బ్రిగేడులు ఒక డివిజను. అయితే వీరందరికిని జీతము, ఆయుధము, ఆజ్ఞ ఒక్కచోటినుండియే వచ్చును. సేనకు ప్రాణము ఇచ్చటనే యున్నది.

రాయలసీమ చరిత్ర ఈ మాటకు నిదర్శనము. విజయనగర ప్రభువులు తమ నాయకులకు సీమలను అమరముగా ఇచ్చిరి. ఆ సీమ రాబడిలో కొంత రాజునకు చెల్లించి, మిగిలిన దానితో నాయకుడు నిర్ణయించిన సంఖ్యలో కాల్బలమును, గుఱ్ఱములను, ఏనుగులను పోషించి, పిలుపు వచ్చినపుడు యుద్ధమునకు తేవలెను. కడప సీమలో గండికోట నేలిన పెమ్మసానివారు ఇట్టి నాయకులే. కళింగ దండయాత్రల కాలమున, 1515లో, శ్రీకృష్ణదేవరాయలు అహోబిల నృసింహస్వామిని సేవించి ఆభరణములు సమర్పించెను. అట్టి ప్రభువున్నంతకాలము నాయకుల బలములన్నియు ఒకే సేనగా నడచినవి. కాని ఆ ఏర్పాటున ఒక లోపము కలదు. బంటు తినునది నాయకుని ఉప్పు. అతడెరిగినది నాయకుని ముఖము. రాజు అతనికి చాల దూరము.

1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము ఆ లోపము బయటపడినది. ఒకప్పుడు విజయనగరమును కొలిచిన హండె నాయకులు, 1579 ప్రాంతమున గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా పక్షమున చేరి అహోబిలమును ఆక్రమించిరి. ఐదారేండ్లు ఆ క్షేత్రము వారి చేతిలో నుండెను. పిమ్మట అహోబిల మఠపు జీయరువారి విన్నపముపై శ్రీరంగరాయలు పంపగా, కొండరాజు వేంకటరాజు, తిరుమలరాజు దానిని మరల సాధించిరి. క్షేత్రమును గొన్నవారును నాయకులే, తిరిగి తెచ్చినవారును నాయకులే. వారి భేదము బలమునందు కాదు, ఆ బలము ఎవరి కొరకన్నదానియందే.

రాజు బలహీనుడైన కొలది నాయకులు పాలెగాండ్రయిరి. 1800లో ఈ సీమ కుంపిణీవారి వశమైనపుడు ఇచ్చట సుమారు ఎనుబదిమంది పాలెగాండ్రుండిరి. ఎవరి కోట వారిది, ఎవరి బంట్లు వారికి. ఒక సేనగా నిలువలేని వారిని కలెక్టరు థామస్ మన్రో కొలది ఏండ్లలోనే అణచివేసెను.

ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు ఒకవంక నారాయణగోపుల మహాసేనను, మరొకవంక ఆయుధము పట్టని తన్నును నిలిపి కోరుకొమ్మనగా, దుర్యోధనుడు సేనను కోరెను. అర్జునుడు స్వామిని కోరెను. దుర్యోధనునకు సంఖ్య దక్కినది, పార్థునకు సారథి దక్కినాడు. నేడు నంద్యాల జిల్లాలోనున్న అహోబిలపు మెట్లెక్కు భక్తుడు ఆ క్షేత్రము చేతులు మారిన కథను తలచినచో, అర్జునుని కోరికలోని వివేకము తేటపడును. పత్తి యైనను, పటాలమైనను, ఒక గృహమైనను, అందరి చూపు ఒక్కని వైపు నున్నపుడే నిలుచును.