జలగ కూతుళ్ళు
వాక్యభాగములు: సామెతలు 30:7–16, లూకా 12:13–21



వరినాట్లు వేసినవారికి జలగ కొత్త కాదు. అది కాలికి పట్టినప్పుడు నొప్పి తెలియదు. ఉప్పో సున్నమో వేస్తేగాని వదలదు. అందుకే ఎదుటివాని కష్టార్జితం మీద బ్రతికేవాణ్ణి "జలగలా పీలుస్తున్నాడు" అంటాము.

సామెతలు 30:15లో ఆగూరు వాడిన హెబ్రీ మాట "అలూకా". పాత నిబంధన అంతటిలో ఇది ఈ ఒక్కచోటే కనబడుతుంది. దీనికి చుట్టమైన అరబీ మాటలో "అంటిపెట్టుకొనుట" అనే భావం ఉంది. లాటిన్ బైబిలులో ఇది "సాంగ్విసూగా", అంటే రక్తం పీల్చేది. ఈ జలగకు ఇద్దరు కూతుళ్ళు. వారి నోట ఒక్కటే మాట: హెబ్రీలో "హవ్, హవ్", అనగా ఇమ్ము, ఇమ్ము. జలగకు రెండు కొసలా పట్టు ఉంటుంది గనుక ఇద్దరు అన్నాడని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు.

అయితే ఒక సంగతి గమనించండి. జలగ సైతం కడుపు నిండగానే తనంతట తానే రాలిపోతుంది. తరువాత నెలల తరబడి ఆహారం లేకుండా ఉండగలదు. మనిషి ఆశకు ఆ కొలత లేదు. అందుకే ఆగూరు ఆ వెంటనే తృప్తి లేని పాతాళమును, అగ్నిని ప్రస్తావించాడు.

లూకా 12లో ఒకడు తన సహోదరునితో ఆస్తి పంపకం విషయమై యేసు దగ్గరకు వచ్చాడు. ప్రభువు పంపకం చేయలేదు. లోభమునకు దూరంగా ఉండమని హెచ్చరించాడు. అక్కడి గ్రీకు మాట "ప్లియొనెక్సియా": ఇంకా ఎక్కువ కావాలనుకొనుట.

ప్లేనోలో ఇల్లు, రెండు కార్లు ఉన్న మనం, ఊళ్ళోని అర ఎకరం కోసం అక్కచెల్లెళ్ళను సంతకం పెట్టమని ఫోన్ చేస్తున్నామా? "పెళ్ళిలో కట్నం ఇచ్చాముగా" అంటాము. తండ్రి వీలునామా వ్రాయకుండా చనిపోతే, 1925 నాటి భారత వారసత్వ చట్టం క్రైస్తవ కుటుంబంలో కొడుకుకూ కూతురుకూ సమాన భాగమిస్తుంది. చెల్లెలు నవ్వుతూనే సంతకం పెట్టవచ్చు. జలగ కాటు కూడా నొప్పి తెలియనివ్వదు.

అదే అధ్యాయం 8వ వచనంలో ఆగూరు కూడా దేవుణ్ణి అడిగాడు: పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత ఆహారం చాలునని. ఈ వారం ఆ ప్రార్థన చేసి, తరువాత చెల్లెలికి ఫోన్ చేద్దాం. ఈసారి సంతకం అడగడానికి కాదు, ఆమె భాగం ఆమెకు అప్పగించడానికి. అట్టి కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.