సానచక్రం మార్చేటప్పుడు

షోలాపూరులో మరమగ్గాల విడిభాగాలను సరిచేసే దుకాణాల్లోను, లేతు, వెల్డింగు షాపుల్లోను బెంచ్ గ్రైండర్ లేని చోటు అరుదు. ఒక మోటారు, దాని ఇరుసుకు రెండు చివరలా రెండు రాతిచక్రాలు: చూడడానికి ఇంతే యంత్రం. ఉలికి పదును పెట్టాలన్నా, డ్రిల్లు బిట్టు మొన దిద్దాలన్నా దీని దగ్గరికే రావాలి. ఆ చక్రాన్ని తెలుగులో సానచక్రమని, సానరాయి అని అంటారు. పనిచోట వినిపించేది మాత్రం 'వీలు' అనే మాటే. అది అరిగినప్పుడో, పెచ్చు ఊడినప్పుడో కొత్తది బిగించడం పావుగంట పని. పావుగంట పనే కావడం వల్ల దానికొక పద్ధతి ఉన్నదన్న ధ్యాస తరచు కొరవడుతుంది.

మన దేశపు 50 హెర్ట్జుల విద్యుత్తుపై నడిచే సాధారణ బెంచ్ గ్రైండర్ నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరుగుతుంది. 200 మిల్లీమీటర్ల చక్రమైతే దాని అంచు సెకనుకు దాదాపు 30 మీటర్ల వేగంతో, అనగా గంటకు నూరు కిలోమీటర్లకు పైబడిన వేగంతో కదులుతుంది. రాపిడి గింజలను మట్టితో కలిపి బట్టీలో కాల్చి చేసిన ఈ చక్రం స్వభావంలో కుండకు చుట్టం. నొక్కుడును ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోదు. తిరుగుతున్నప్పుడు దానిలోని ప్రతి కణాన్నీ బయటికి లాగే బలం పనిచేస్తూనే ఉంటుంది. కంటికి ఆనని బీట ఉన్నా ఆ బలం దానిని విప్పివేయగలదు. అప్పుడు ముక్కలు అంచుకున్న వేగంతోనే బయటికి వస్తాయి.

చక్రాన్ని నిజంగా మార్చవలసి ఉన్నదా అనేది మొదటి ప్రశ్న. అంచు గాడి పడినా, లోహపు పొడి పట్టి నున్నగా మెరుస్తున్నా అది పాతబడినట్లు కాదు. డ్రెస్సర్‌తో పైపొర తీసివేస్తే మళ్లీ కోస్తుంది. అల్యూమినియం, రాగి వంటి మెత్తని లోహాలను సాధారణ చక్రంపై రుద్దినప్పుడు ఈ పూడిక త్వరగా వస్తుంది. బీట కనిపించినా, అంచు నుంచి పెచ్చు ఊడినా, చక్రం కింద పడినా సందేహం లేకుండా తీసివేయాలి. అరుగుదల విషయం వేరు. 150 మిల్లీమీటర్ల చక్రం అరిగి 100కు చేరితే అంచు వేగం మూడోవంతు తగ్గుతుంది, కోత మందగిస్తుంది, పనివారు వస్తువును మరింత బలంగా అదుముతారు. పనిముట్టును ఆనించే పలకను ఎంత జరిపినా చక్రం దగ్గరికి రాని స్థితి ఏర్పడితే దాని ఆయుష్షు తీరినట్లే.

కొత్త చక్రానికి అంటించిన చీటీలోని అక్షరాలు ఆంగ్లంలో ఉంటాయి. వాటిని చదవడం కష్టమేమీ కాదు. ఉదాహరణకు 'ఏ 60 కె 5 వి' అని ఉన్నదనుకొందాం. 'ఏ' అంటే అల్యూమినియం ఆక్సైడు, ఉక్కు పనికి తగినది. కార్బైడు మొనల టూళ్లకు ఆకుపచ్చని సిలికాన్ కార్బైడు చక్రం కావాలి. 60 గింజ పరిమాణం. అంకె పెరిగినకొద్దీ గింజ సన్నబడుతుంది. 'కె' గట్టిదనాన్ని తెలుపుతుంది. అక్షరమాలలో ముందుకు పోయినకొద్దీ చక్రం గట్టిది. 5 గింజల మధ్య ఎడం. 'వి' అంటే మట్టితో కాల్చిన బంధం. వీటన్నిటికంటె ముఖ్యమైనది ఆ చీటీపైనే ఉండే గరిష్ఠ వేగం. అది మోటారు పలకపై ఉన్న చుట్ల సంఖ్యకు తక్కువైతే ఆ చక్రాన్ని కొనరాదు. రంధ్రం ఇరుసుకు సరిపోవాలి. సుత్తితో కొట్టి ఎక్కించవలసి వచ్చినా, వదులుగా ఊగినా అది ఆ యంత్రానిది కాదు.

బిగించేముందు చేయవలసిన పరీక్షకు ఖర్చు లేదు. సంతలో కొత్త కుండను కొనేవారు వేలితో తట్టి, చెవితో నిర్ణయిస్తారు. చక్రానికీ ఆ పరీక్షే. పొడిగా, శుభ్రంగా ఉన్న చక్రాన్ని రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీయాలి. స్క్రూడ్రైవరు ప్లాస్టిక్ పిడితోనో, చిన్న కర్ర పిడితోనో మెల్లగా తట్టాలి, ఇనుముతో తట్టరాదు. నిలువు గీతకు ఇరువైపులా 45 డిగ్రీల దూరంలో, అంచు నుంచి 25 మొదలు 50 మిల్లీమీటర్లు లోపలికి తట్టి, చక్రాన్ని కొంత తిప్పి మళ్లీ తట్టాలి. ఖంగుమని మోగితే మంచిది. బొద్దుగా, చచ్చిన ధ్వని వస్తే లోపల బీట ఉన్నట్లే. అటువంటి దానిని అంగడికి తిరిగి ఇవ్వాలి. తడిసిన చక్రం మంచిదైనా సరిగా మోగదు. రబ్బరు, రెసిన్ బంధంతో చేసినవి ఇంత స్పష్టంగా పలకవు. వాటిని కంటితో మరింత శ్రద్ధగా చూడాలి.

ఇక విప్పడం. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గును పూర్తిగా లాగివేయాలి. పక్క మూత తీశాక కనిపించే నట్టు దగ్గరే చాలామంది తడబడతారు. కుడివైపు నట్టుకు మామూలు మర; ఎడమవైపు నట్టుకు ఎదురు మర. మోటారు ఒక్కసారిగా కదిలినప్పుడు నట్టు వదులు కాకుండా మరింత బిగిసేందుకే ఈ ఏర్పాటు. యంత్రానికి ఎదురుగా నిలిచినవారు ఏ నట్టునైనా దాని పై అంచు తమవైపు వచ్చేలా తిప్పితే అది వదులవుతుంది. చక్రం తిరిగే దిశ కూడా అదే. ఈ సంగతి తెలియక పానాకు గొట్టం తొడిగి ఎదురు దిక్కుకు బలం పెడితే మర తెగుతుంది, లేదా పానా జారి చేయి గార్డుకు తగులుతుంది. చక్రం కదలకుండా దానికీ పలకకూ మధ్య చెక్కముక్కను ఇరికిస్తే సరిపోతుంది.

చక్రానికి రెండు పక్కలా ఉండే గుండ్రని అట్టబిళ్లలను అలంకారమనుకొని పీకివేయడం ఒక పెద్ద పొరపాటు. ఉక్కు ఫ్లాంజీల ఒత్తిడి గరుకు రాతిపై అంతటా సమంగా పడేలా చేసేవి అవే. ఫ్లాంజీలు రెండూ ఒకే కొలతవై, చక్రపు వ్యాసంలో కనీసం మూడోవంతు ఉండాలి. ఒకటి పోయిందని దాని స్థానంలో మామూలు వాషరు వేస్తే భారమంతా రంధ్రం చుట్టూ ఉన్న సన్నని వలయంపైనే పడి, బీట అక్కడే పుడుతుంది. నట్టును చక్రం జారనంత మేరకే బిగించాలి. బలం చూపవలసిన చోటు అది కాదు.

గార్డును తిరిగి అమర్చాక పలకకూ చక్రానికీ మధ్య ఎడం 3 మిల్లీమీటర్లకు, పైనున్న నాలుక పలకకూ చక్రానికీ మధ్య ఎడం 6 మిల్లీమీటర్లకు మించకుండా చూడాలి. పలక వద్ద ఎడం ఎక్కువైతే పట్టుకున్న వస్తువు అందులోకి లాగుకుపోతుంది. దానితోపాటు వేలు కూడా. ఈ సర్దుబాటు యంత్రం ఆగి ఉన్నప్పుడే చేయాలి. చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకొన్నాక ప్లగ్గు పెట్టి, ఎదుట కాక పక్కకు నిలిచి స్విచ్చి వేయాలి. కనీసం ఒక నిమిషం ఏమీ రుద్దకుండా తిరగనివ్వాలి. ఆ నిమిషం చుట్టుపక్కల ఎవరూ నిలవకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి, నూలు చేతితొడుగులు, వేలాడే తువ్వాలు, పైట కొంగు దగ్గరికి రానివ్వరాదు.

1948 నాటి కర్మాగారాల చట్టం 30వ సెక్షను, సానపట్టే ప్రతి యంత్రం వద్ద ఆ చక్రానికి సురక్షితమైన గరిష్ఠ వేగాన్ని, ఇరుసు వేగాన్ని తెలిపే ప్రకటన ఉండాలని నిర్దేశించింది. ఒకరిద్దరు పనిచేసే చిన్న షాపులు కర్మాగారమనే నిర్వచనంలోకి రాలేదు. అయినా ఆ రెండు అంకెలను తెలుగులోనో మరాఠీలోనో రాసి గోడకు అంటించడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. కొత్తగా చేరిన కుర్రవాడు అడగకుండానే చదువుకొంటాడు.

తీసివేసిన చక్రం సంగతి మిగిలింది. చెత్తలో గుండ్రంగా, చెక్కుచెదరనట్లు కనిపించే చక్రం పాత ఇనుప సామానుతో కలిసి మరొకరి గ్రైండరుపైకి చేరే అవకాశం ఉంది. దానిలోని బీట సంగతి వారికి తెలియదు. కాబట్టి దానిని గోనెగుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకొని, సుత్తితో ముక్కలు చేయాలి. ముక్కల అంచులు పదునుగా ఉంటాయి గనుక మందపాటి గోనెలో చుట్టి కట్టి, తడి చెత్తతో కలపకుండా, లోపల ఉన్నదేమిటో పారిశుద్ధ్య సిబ్బందికి చెప్పి చేతికి ఇవ్వాలి.