గాజుతొట్టిలో సముద్రము

మంచినీటి తొట్టిలో చేపలను పెంచిన బాలలకు, పగడపు దిబ్బల చిత్రములను చూచినప్పుడు, అట్టి సముద్రమును ఇంట నిలుపుకొనవలెనను కోరిక కలుగుట సహజము. కాని తొట్టిని కొన్ననాడే చేపను కొనరాదు.

సముద్రపు నీటిలో వేయి పాళ్లకు సుమారు 35 పాళ్లు లవణములుండును. అది వంటయింటి ఉప్పు మాత్రమే కాదు. మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మున్నగువాని లవణములును అందు కలవు. పగడపు జీవి తన గట్టి గూటిని కాల్షియముతోనే కట్టుకొనును. కావున ఇందుకై తయారుచేసిన లవణమిశ్రమమును శుద్ధజలమున కరగించి వాడుదురు. కొళాయినీటిలోని క్లోరిన్ ఈ జీవులకు హానికరము.

చేపల మలినముల నుండియు, తినక మిగిలిన మేత నుండియు అమ్మోనియా అను విషము పుట్టును. విశాలమైన సముద్రములో అది చెదరిపోవును. తొట్టిలో ఎచ్చటికి పోవును? కంటికి కానరాని ఒకజాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. అదియును విషమే. వేరొకజాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. దీనివలన హాని తక్కువ. అప్పుడప్పుడు కొంత నీటిని మార్చి దీనిని తగ్గింపవచ్చును. ఈ సూక్ష్మజీవులు రాళ్ల రంధ్రములలో స్థిరపడుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. చిటికెడు చేపమేత వేసినచో అది కుళ్లి, వానికి కావలసిన అమ్మోనియా లభించును. అన్నినాళ్లును తొట్టిలో నీరు, రాళ్లు తప్ప మరేమియు కానరాదు. చూడవచ్చినవారు నవ్వుదురు. నవ్వనిండు. నీటిని పరీక్షించి, అమ్మోనియా, నైట్రైటు రెండును లేవని తేలిన పిదపనే మొదటి చేపను దింపవలెను.

తొట్టిలో ఆవిరియగునది నీరే కాని ఉప్పు కాదు. తగ్గినంత మేర మరల ఉప్పునీరు పోసినచో దినదినము లవణత పెరిగి జీవులు కృశించును. శుద్ధమైన మంచినీరే పోయవలెను. వేడిమిని 25, 26 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నిలుపవలెను. విజయవాడ వంటి పట్టణమున మే మాసములో ఇది యంత్రసహాయము లేక సాధ్యము కాదు. తొట్టి వెలకంటె పోషణవ్యయమే ఎక్కువయని పెద్దలకు ముందే చెప్పుట మంచిది.

పగడము రాయి కాదు, మొక్కయు కాదు, ప్రాణి. దాని దేహములో వసించు సూక్ష్మమైన నాచు వెలుతురు సాయమున ఆహారమును సిద్ధపరచి దానికిని పంచిపెట్టును. నీరు మితిమీరి వేడెక్కినచో ఆ నాచు వెడలిపోయి పగడము తెల్లబారును. కావున కొన్ని మాసములు చేపలు ఆరోగ్యముగా నున్న తొట్టిలోనే పగడమును పెట్టవలెను.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలోనికి 2001లో పగడములను చేర్చిరి. మన్నార్ సింధుశాఖలో గాని, లక్షద్వీపములలో గాని, అండమాను దీవులలో గాని పగడమును విరిచి తెచ్చుట నేరము. చేపను కొనునప్పుడును, అది సముద్రమున పట్టినదో, తొట్టిలో పుట్టినదో అడుగుడు. తొట్టిలో పుట్టి పెరిగిన క్లౌన్ చేప మేతకు అలవాటుపడియుండును. క్రొత్తవారికి అదియే తగినది.