తెల్లబట్ట: తల్లి కాబోయే ముందు చదవాల్సిన పాఠం



మన సంచికలో ఏటా కవితలు, కథలు, సూక్తులు వస్తుంటాయి. ఈసారి ఒక పాఠం రాద్దామనుకున్నాము. నిజానికి ఈ పాఠం సైన్సు పుస్తకంలోనే ఉంది. కాకపోతే ఆ అధ్యాయం వచ్చేసరికి చాలాచోట్ల "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేస్తారు. ఇంటి దగ్గర చెప్పేవాళ్ళు ఎవరు? మా ఇంట్లో డిగ్రీ దాకా రావడం మాతోనే మొదలు. మన అమ్మలు మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్ళి వచ్చి వంట చేసి మనల్ని చదివించారు. వాళ్ళకు ఈ విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్ళు మనకు చెప్పలేకపోయారు. చదువుకున్న మొదటి తరం మనమే. అందుకే ఈ పాఠం మనమే మొదలుపెట్టాలి.

మన ఊళ్ళలో ఏమనుకుంటారు?

జగ్గయ్యపేట, నందిగామ, వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు, ఏ ఊరికి వెళ్ళినా ఆడవాళ్ళు నలుగురు కూర్చుంటే "నాకు తెల్లబట్ట అవుతోంది" అనే మాట వినిపిస్తుంది. "వేడి చేసిందిలే, సబ్జా గింజలు తాగు" అని ఒకరు, "ఎముకలు కరిగి అలా పోతున్నాయి" అని ఇంకొకరు అంటారు. ఎముకలు కరగడం అనేది నిజం కాదు. ఒంటి వేడికీ దీనికీ సంబంధం లేదు. కానీ ఈ రెండు మాటల వల్ల జరిగే నష్టం మాత్రం నిజం. అసలు పరీక్ష చేయించుకోవాలనే ఆలోచనే రాదు.

అలా ఏళ్ళు గడిచాక చివరకు కొందరికి "సంచి తీయించేసుకో, పీడ పోతుంది" అనే సలహా వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది. 2019-21 సర్వేలోనూ దాదాపు అంతే. అధిక రక్తస్రావం, గడ్డలు వంటి కారణాలే వీటిలో ఎక్కువ. అయితే ఆ సర్వేలో స్త్రీలు చెప్పిన కారణాలలో తెల్లబట్ట కూడా ఉంది. మందుతో తగ్గే జబ్బుకు అవయవమే తీయించుకోవలసిన అవసరం లేదు.

ఇన్ఫెక్షన్ ఎలా వస్తుంది?

యోని, గర్భాశయ ముఖద్వారం, గర్భసంచి, ట్యూబులు, అండాశయాలు, వీటిలో ఎక్కడ సూక్ష్మజీవులు చేరి జబ్బు చేసినా దానిని పునరుత్పత్తి అవయవాల ఇన్ఫెక్షన్ అంటారు. ఇది మూడు దారుల్లో వస్తుంది.

1. లోపల ఉండేవే అతిగా పెరగడం. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బాక్టీరియా ఉంటుంది. అది ఆమ్లాన్ని తయారుచేసి చెడు క్రిములను అదుపులో పెడుతుంది. ఈ సమతూకం చెడితే ఇతర బాక్టీరియాలు గానీ, క్యాండిడా అనే శిలీంధ్రం గానీ పెరిగిపోతాయి. ఇవి రావడానికి భార్యాభర్తలలో ఎవరి నడవడికనూ తప్పుపట్టనక్కరలేదు.

2. లైంగిక సంబంధం ద్వారా ఒకరి నుంచి ఒకరికి రావడం. క్లమీడియా, గనోరియా, ట్రైకోమోనాస్, సిఫిలిస్ ఈ కోవలోవి.

3. వైద్యం పేరుతో రావడం. శుభ్రత లేని కాన్పు, అర్హత లేనివారు చేసే గర్భస్రావం, శుద్ధిచేయని పరికరాల వల్ల క్రిములు నేరుగా గర్భసంచిలోకి చేరతాయి.

ఏది మామూలు? ఏది జబ్బు?

తెల్లబట్ట అంతా జబ్బు కాదు. రెండు నెలసరులకు మధ్య, అండం విడుదలయ్యే రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా సాగే ద్రవం రావడం ఆరోగ్యానికి గుర్తు. బిడ్డను కోరుకునేవారికి అవే అనువైన రోజులు కూడా.

పెరుగు విరిగినట్టు ముద్దలుగా వచ్చి విపరీతమైన దురద ఉంటే క్యాండిడా కావచ్చు. బూడిద రంగులో పలుచగా, చేపల వాసనతో వస్తే బాక్టీరియా సమతూకం చెడిందని అనుమానించాలి. పసుపుపచ్చగా, నురుగుగా వస్తే ట్రైకోమోనాస్ కావచ్చు. పొత్తికడుపులో నొప్పి, జ్వరం, కలయికలో నొప్పి, మధ్యలో రక్తపు చారలు ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటి గమనించండి. క్లమీడియా సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు. అంటే తెల్లబట్ట అయినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, కానంత మాత్రాన లేనట్టూ కాదు. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం జరిపిన అధ్యయనంలో తెల్లబట్ట గురించి బాధపడే చాలామందిలో ఇన్ఫెక్షన్ కంటే మానసిక ఒత్తిడి, ఇంటి కష్టాలతోనే ఎక్కువ సంబంధం కనిపించింది. కాబట్టి ఊహించి మందులు మింగడం కాదు, పరీక్ష చేయించుకోవడమే దారి.

కడుపొచ్చే ముందే ఎందుకు?

మనవాళ్ళు కడుపొచ్చాకే ఆసుపత్రి గడప తొక్కుతారు. అప్పుడు ప్రభుత్వం కూడా బాగానే చూస్తుంది. రక్తపరీక్షలు, ప్రతి నెలా 9వ తేదీన ప్రత్యేక తనిఖీలు ఉన్నాయి. కానీ పెళ్ళికీ కడుపుకీ మధ్య కాలంలో అడిగేవారు లేరు. మేము చెప్పదలచుకున్నది ఆ కాలం గురించే. దానికి మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది, ట్యూబులు. ముఖద్వారం దగ్గర ఉన్న క్రిములు పైకి పాకితే ట్యూబుల లోపలి సున్నితమైన పొర దెబ్బతిని మచ్చకడుతుంది. ట్యూబు పూర్తిగా మూసుకుపోతే గర్భం రాదు. సగం మూసుకుంటే పిండం ట్యూబులోనే ఆగి పెరిగి, ట్యూబు పగిలి, తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు. స్వీడన్‌లో వెస్ట్రోమ్ అనే వైద్యుడి బృందం ఇలాంటి ఇన్ఫెక్షన్ వచ్చిన స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించి 1992లో ఫలితాలు ప్రచురించింది. ఒకసారి వచ్చినవారిలో నూటికి 8 మందికి, రెండుసార్లు వచ్చినవారిలో దాదాపు 20 మందికి, మూడు లేక అంతకంటే ఎక్కువసార్లు వచ్చినవారిలో 40 మందికి ట్యూబులు దెబ్బతిని సంతానం కలగలేదు. మందు క్రిమిని చంపుతుంది గానీ పడిన మచ్చను చెరపలేదు. అందుకే తొందరపడాలి. మన దేశంలో క్షయ కూడా ట్యూబులను, గర్భసంచిని ఇలాగే పాడుచేస్తుంది. క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

రెండవది, మందులు. గర్భం రాకముందు వాడగలిగిన కొన్ని మందులు గర్భం వచ్చాక వాడకూడదు. డాక్సీసైక్లిన్, నోటితో మింగే ఫ్లూకోనజోల్ అలాంటివే. ముందుగా చూపించుకుంటే వైద్యుడి చేతిలో ఎక్కువ మందులు ఉంటాయి.

మూడవది, బిడ్డ. సిఫిలిస్ ఉన్న తల్లికి వైద్యం అందకపోతే గర్భస్రావం కావచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, పుట్టిన బిడ్డకు జబ్బు రావచ్చు. తొలిదశలో దీనికి 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఒక్క మోతాదు చాలు. గనోరియా, క్లమీడియా పుట్టిన బిడ్డ కళ్ళకు సోకుతాయి. బాక్టీరియా సమతూకం చెడిన స్త్రీలలో నెలలు నిండని కాన్పులు ఎక్కువగా కనిపిస్తాయి.

ఆమె ఒక్కతే కాదు

పెళ్ళయి రెండేళ్ళయినా కడుపు పండకపోతే మన వైపు ముందు కోడలినే నిలదీస్తారు. మందులు, మొక్కులు, ఆ తర్వాత మారు మనువు మాటలు. కానీ సంతానం కలగని జంటలలో దాదాపు సగం మందిలో మగవారి లోపం కూడా ఉంటుంది. వీర్యపరీక్ష తేలికైనది, ఖర్చు తక్కువ. భార్యకు పెద్ద పరీక్షలు రాయించే ముందే భర్త ఈ పరీక్ష చేయించుకోవడం న్యాయం.

క్లమీడియా, గనోరియా మగవారిలోనూ చప్పుడు చేయకుండా ఉండవచ్చు. లైంగికంగా సోకే జబ్బు అని తేలితే ఇద్దరూ కలిసి మందు వాడాలి. ఒక్కరే వాడితే మళ్ళీ ఆ జబ్బు తిరిగి వస్తుంది. ఇద్దరి వైద్యం ముగిసి వారం గడిచేదాకా కలయికకు దూరంగా ఉండాలి, లేదా నిరోధ్ వాడాలి. అన్నలారా, తమ్ముళ్ళారా, భార్యతో కలిసి ఆసుపత్రికి వెళ్ళడం చిన్నతనం కాదు. ఆమెను ఒంటరిగా పంపి "ఏమన్నారు?" అని అడగడమే చిన్నతనం.

ఎక్కడికి వెళ్ళాలి? ఏమి అడగాలి?

ముందుగా మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి. పీహెచ్‌సీలోనూ, జగ్గయ్యపేట, నందిగామ ప్రభుత్వ ఆసుపత్రులలోనూ చూపించుకోవచ్చు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో "సురక్ష క్లినిక్" అనే పేరుతో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంటుంది. అక్కడ సలహా, వైద్యం ఉచితం, వివరాలు గోప్యం. మందులు జబ్బును బట్టి రంగు రంగుల కిట్లుగా ఇస్తారు. లేడీ డాక్టరు కావాలని అడగడం మీ హక్కు.

బిడ్డను కోరుకోవడానికి రెండు మూడు నెలల ముందు ఇవి అడగండి:

- లోపల పరీక్ష చేసి ముఖద్వారం చూడమని
- స్రావాన్ని సూక్ష్మదర్శిని కింద చూడమని
- దంపతులిద్దరికీ సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు చేయమని
- మాటిమాటికీ దురద వస్తుంటే షుగర్ పరీక్ష చేయమని

కొన్ని జాగ్రత్తలు కూడా గుర్తుంచుకోవాలి. లోషన్లతో, సబ్బుతో లోపల కడగవద్దు. మేలు చేసే బాక్టీరియా పోతుంది. పక్కింటావిడ వాడిన మాత్రలు మీరు వాడవద్దు. మందు మధ్యలో ఆపవద్దు. నెలసరి గుడ్డలు వాడేవారు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. చీకటి మూలల్లో ఎవరికీ కనపడకుండా ఆరేసిన గుడ్డ సరిగా ఆరదు. దాచవలసిన తప్పు అందులో ఏమీ లేదు.

గడ్చిరోలి నేర్పిన పాఠం

గోదావరి, ప్రాణహిత దాటితే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా. ఆ జిల్లాలోని సిరొంచ వైపు తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. ఆ జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ దంపతులు రెండు గ్రామాలలో 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నూటికి 92 మందిలో ఏదో ఒక స్త్రీ సంబంధిత వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవారు నూటికి 8 మందే! పల్లెటూరి ఆడవాళ్ళ ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ మాత్రమే కాదని ఆ అధ్యయనం ప్రపంచానికి చెప్పింది. 1994లో కైరోలో జరిగిన అంతర్జాతీయ జనాభా సదస్సు పునరుత్పత్తి ఆరోగ్యాన్ని హక్కుగా గుర్తించింది. 1997లో మన ప్రభుత్వం ప్రారంభించిన పునరుత్పత్తి, శిశు ఆరోగ్య కార్యక్రమంలో ఈ ఇన్ఫెక్షన్ల వైద్యం కూడా చేరింది.

అంటే మనకు హక్కు ఉంది, ఆసుపత్రి ఉంది, మందు ఉంది. లేనిది నోరు విప్పడమే. బడిలో చేరేటప్పుడు కులం చెప్పడానికి, ఫీజు రాయితీ అడగడానికి మన అమ్మానాన్నలు ఎంతో సిగ్గును దిగమింగారు. దాని ఫలితంగానే ఈ రోజు మనం ఈ సంచిక చదువుతున్నాము. డాక్టరు ముందు "నాకు తెల్లబట్ట అవుతోందండీ, పిల్లలు కావాలనుకుంటున్నాం, పరీక్ష చేయండి" అని ఒక్క వాక్యం చెప్పడం అంతకంటే కష్టమేమీ కాదు.

ఈ సంచిక ఇంటికి తీసుకెళ్ళండి. చదవడం రాని అమ్మకు, కొత్తగా పెళ్ళయిన అక్కకు, వదినకు ఈ పాఠం చదివి వినిపించండి.