మానేసిన మనిషి ఖరీదెంత?

“పోతే పోనీ, ఇంకొకడు దొరక్కపోడు!” పెడన అద్దకం షెడ్లలో, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనిలో, గుడివాడ రైసుమిల్లుల్లో యజమానులు తేలిగ్గా అనేసే మాట ఇది. వినడానికి ధైర్యంగానే ఉంటుంది, లెక్కకు మాత్రం నిలవదు. మీ దగ్గర నలుగురున్నా నలభైమందున్నా ఆ మాట అనేముందు మూడు లెక్కలు వేయండి.

మొదటిది: గంట ఖరీదు

ఇరవైమంది పనిచేసే కలంకారీ షెడ్డు ఒకటి ఉందనుకుందాం. మనిషికి నెలకు 15,000 రూపాయలు. 26 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 208 గంటలు. గంటకు 72 రూపాయలని తేల్చేస్తాం. యజమాని కట్టాల్సిన పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం కలిపితే ఖర్చు 17,287 దాటుతుంది. ముసురు పట్టి బట్ట ఆరక, కాలువకు నీళ్లు రాక 28 గంటలు వృథా అయితే పని జరిగింది 180 గంటలే. అంటే గంట ఖరీదు 96 రూపాయలు. 72 అనుకొని ధర కట్టినవారికి నష్టం తప్పదు. ఆ చిరాకును పనివాళ్ల మీద చూపించడం అన్యాయం. ఖాళీ గంటలను తగ్గించే ఏర్పాటు చేయాల్సింది యజమానే.

రెండోది: మానేసినవారి శాతం

ఏడాది మొదట్లో ఉన్నవారిని, చివర్లో ఉన్నవారిని కలిపి సగం చేస్తే సగటు సిబ్బంది. మానేసినవారి సంఖ్యను ఆ సగటుతో భాగించి 100తో గుణించండి. ఇరవైమందిలో ఆరుగురు మానేసి, వారి స్థానంలో ఆరుగురు చేరితే 30 శాతం. వరికోతలకు వెళ్లి మళ్లీ వచ్చేవారిని వేరుగా రాయండి. కాలాన్ని బట్టి కదిలేవారు వేరు, విసిగి మానేసినవారు వేరు.

మూడోది: ఒక్కరు మానేస్తే నష్టం

కలంకారీలో గీతల అచ్చు మీద రంగు అచ్చు వెంట్రుకవాసి జరిగినా పువ్వు చెడిపోతుంది. ఆ చేతినేర్పు వారంలో రాదు. కొత్తవాడు రెండు నెలలపాటు సగం పనే చేస్తే 15,000 పోయినట్టే. పాడైన బట్టకు 6,000, నేర్పే చేయి తిరిగిన పనివాడి సమయానికి 4,000 వేసుకోండి. మొత్తం 25,000. ఆరుగురికి లక్షన్నర!

హెన్రీ ఫోర్డ్ కళ్లు తెరిపించింది కూడా ఇలాంటి లెక్కే. 1913లో ఆయన కార్ల ఫ్యాక్టరీలో మానేసేవారి శాతం 370. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్ల వేతనం, 8 గంటల పని ప్రకటించారు. ఆ ఏడాది మానేసేవారి శాతం 54కు దిగింది.

అలాగని గుడ్డిగా జీతాలు పెంచమని కాదు. మన షెడ్డులో అందరికీ నెలకు 500 పెంచితే ఏడాదికి 1,20,000 అవుతుంది. మానేసేవారు సగం తగ్గితే మిగిలేది 75,000 మాత్రమే. అందుకే ముందు కారణం తెలుసుకోవాలి. జీతం తేదీ తప్పుతోందా? పని ఆగిన రోజు కూలీ ఆగుతోందా? మేస్త్రీ నోరు దురుసా? తేదీకి జీతం ఇవ్వడానికి, మర్యాదగా మాట్లాడటానికి పైసా ఖర్చు లేదు. జీతమే తక్కువని తేలితే మాత్రం వెనకాడకండి. ముందు చేయి తిరిగినవారికి పెంచండి.

ఈ నెల నుంచే చేయండి

• హాజరు పుస్తకంలో ఖాళీ గంటలకు ఒక గడి గీయండి.
• మానేసినవారి పేరు పక్కన వారు చెప్పిన కారణాన్ని వారి మాటల్లోనే రాయండి.
• మూడు నెలలకోసారి శాతం కట్టి, ఎక్కువసార్లు వచ్చిన కారణాన్ని ముందు సరిచేయండి.
• మానేసే ఆలోచన ఉన్నవారితో వాళ్లు సంచి సర్దకముందే మాట్లాడండి.

“విశ్వాసం లేని మనుషులు” అని నిందిస్తూ కూర్చుంటే ఏమీ మారదు. “ఎందుకు వెళ్లారు, నేనేం మార్చగలను?” అని అడగగలిగినవారే నాయకులవుతారు. నలుగురి అన్నం మీ నిర్ణయం మీద ఆధారపడి ఉన్నప్పుడు, లెక్క తెలిసి ఉండటం మీ బాధ్యత.