స్పీడ్‌వే చూడబోతున్నారా? చేయవలసినవి - చేయకూడనివి

మేం మాంచెస్టర్ వచ్చినప్పటి నుంచి, వేసవిలో ఊరి నుంచి ఎవరొచ్చినా ఒక సాయంత్రం స్పీడ్‌వే అనే మోటారు సైకిల్ పందేలకి తీసుకెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది. అత్తయ్యగారూ మావయ్యగారూ వచ్చారు, తమ్ముడి పిల్లలొచ్చారు. అందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "బ్రేకుల్లేవా?" లేవు. 500 సీసీ ఇంజిను, ఒకటే గేరు, మెథనాల్ ఇంధనం. 77 కిలోలకు తగ్గకూడని బండి. షేల్ అనే రాతిపొడి పరిచిన ట్రాక్ మీద నలుగురు రైడర్లు నాలుగు చుట్లు తిరుగుతారు. మలుపు రాగానే వెనక చక్రాన్ని పక్కకు జార్చి, ఇనుప తొడుగు వేసుకున్న ఎడమ కాలిని నేలకు రాస్తూ తిప్పుతారు. నిమిషంలో పందెం ముగుస్తుంది.

ఆ నిమిషాన్ని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది మిగతా సమయం గురించి. బ్రిటిష్ లీగ్ మ్యాచ్‌లో ఇలాంటి పందేలు, అంటే హీట్లు, 15 ఉంటాయి. అంటే అసలు పందెం అంతా కలిపితే పావుగంట. మనం మైదానంలో ఉండేది రెండు గంటలు. మిగిలిన గంటా ముప్పావులో ట్రాక్టరు మట్టి సర్దుతుంది, ట్యాంకరు నీళ్లు చల్లుతుంది, ఎవరో ఒకరు టీకి లేస్తారు, పిల్లలు అటూ ఇటూ తిరుగుతారు. నేను చూసినంతలో జనానికి దెబ్బలు తగిలేదీ, సాయంత్రమంతా చప్పగా అయ్యేదీ ఈ విరామాల నుంచే మొదలవుతుంది.

మూడేళ్ల కిందట వేరే ఊరి మైదానానికి వెళ్లాం. ట్రాక్ సర్దడం చాలాసేపు సాగింది. ఎందుకో, ఎంతసేపో మైకులో ఎవరూ చెప్పలేదు. ఏడేళ్ల మా అమ్మాయి విసుగొచ్చి మొదటి మలుపు దగ్గర కంచె వరకూ వెళ్లిపోయింది. తన కళ్లజోడు నా చేతిలోనే ఉంది. నేను పిలిచేలోపే బండ్లు లేచాయి, మట్టి లేచింది. ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి కన్ను నలుపుకుంటుంటే ఆపాలని కూడా నాకు తోచలేదు. ప్రథమ చికిత్స గదిలో ఉన్న పెద్దావిడ అమ్మాయి తల పక్కకు వంచి, ముక్కు వైపు నుంచి బయటికి సెలైన్ ధార వదిలింది. మూడోసారికి దూది మీదికి ఆవగింజలో సగమంత ఎర్రటి రవ్వ వచ్చింది. అంత చిన్నదే, కానీ అంచులు పదునుగా ఉన్నాయి. నలిపినందువల్ల కంటిపొర గీసుకుందని మర్నాడు డాక్టరు చెప్పారు. వారంలో తగ్గింది. ఆ వారంలోనే ఈ జాబితా రాసుకున్నాను.

ముందు కళ్లు

మైదానంలోకి అడుగు పెట్టకముందే కళ్లజోళ్లు పెట్టించండి. వెల మాట పక్కన పెట్టండి, పక్కల నుంచి కూడా మూసుకునేవి కావాలి. ఇంటి మరమ్మతులకు వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ కళ్లజోళ్లు బాగా పనికొస్తాయి, చీకటి పడ్డాక కూడా తీయక్కర్లేదు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆ రోజుకి మామూలు కళ్లద్దాలతో రండి. లెన్సు కింద రవ్వ చేరితే బాధ రెట్టింపు. వెనక చక్రం దగ్గర మట్టిని అడ్డుకునే పలక ఉండాలని పోటీ నియమాల్లోనే ఉంది. అయినా మలుపులో మట్టి బయటి అంచు మీదుగా జనం మీద పడుతుంది.

కంట్లో పడితే నలపకండి, రుమాలు అంచుతో తీయబోకండి, నోటితో ఊదకండి. శుభ్రమైన నీళ్లతో కడిగి, తిన్నగా ప్రథమ చికిత్స దగ్గరికి తీసుకెళ్లండి. ఆ గది ఎక్కడుందో లోపలికి వస్తున్నప్పుడే చూసి పెట్టుకోండి. నేను ఆ రోజు ముగ్గురిని అడగాల్సి వచ్చింది.

ఎక్కడ నిలబడాలి

ఎప్పుడూ వచ్చేవాళ్లలో చాలామంది మొదటి మలుపు దగ్గరే చేరతారు. స్టార్టు గీత దగ్గర అడ్డంగా కట్టిన టేపులు పైకి లేచాక నలుగురూ ఒకే దారి కోసం ఒరుసుకునేది అక్కడే. నిజంగానే అంత మంచి చోటు ఇంకోటి లేదు. మట్టి ఎక్కువగా పడేదీ అక్కడే. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే మొదటి రెండు మూడు హీట్లు స్టార్టు గీతకు ఎదురుగా ఉన్న స్టాండులో, వీలైనంత పై వరసలో కూర్చోండి. ట్రాక్ మొత్తం కనిపిస్తుంది, ఎవరు ఎవరిని దాటారో తెలుస్తుంది. మలుపు దగ్గరికి తరవాత పెద్దవాళ్లు వంతులవారీగా వెళ్లి రావచ్చు.

కంచె మీదికి వాలకండి. బిడ్డను దాని మీద కూర్చోబెట్టకండి. తోపుడుబండి దానికి ఆనించకండి. మలుపుల్లో కనిపించే గాలి నింపిన మెత్తటి గోడలు పడిపోయే రైడర్ కోసం పెట్టినవి. వాటి వెనక నిలబడ్డ మనకు అవి రక్షణ అనుకోకూడదు. కొన్ని మైదానాల్లో వేటకుక్కల పందేలు కూడా జరుగుతాయి. అక్కడ జనానికీ బండ్లకీ మధ్య ఇసుక దారి ఒకటి ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంది కదా అని బంతి కోసమో టోపీ కోసమో అందులోకి దిగకండి. స్టీవార్డును పిలవండి.

ఈ హద్దులు ఊరికే వచ్చినవి కావు. 1928 ఫిబ్రవరి 19న లండన్ పక్కన ఎపింగ్ అడవిలోని హై బీచ్‌లో జరిగిన స్పీడ్‌వే పోటీకి నిర్వాహకులు అనుకున్నదానికి ఎన్నో రెట్లు జనం వచ్చిపడ్డారు. ట్రాక్ బయటే కాదు, లోపలి పక్కన కూడా నిలబడ్డారు. బ్రేకుల్లేని బండ్లకు అటూ ఇటూ జనం! ఇవాళ లోపలి పచ్చిక మీద పోటీ సిబ్బంది తప్ప ఎవరూ ఉండరు.

చెవులు

నాలుగు బండ్లు ఒక్కసారిగా లేస్తే ఆ మోత గుండెకు తగులుతుంది. పెద్దవాళ్లకు స్పాంజి బిరడాలు చాలు. పసిపిల్లలకు అవి వద్దు, నోట్లో పెట్టుకుంటారు. వాళ్లకు చెవులు మొత్తం కప్పే మఫ్‌లే కావాలి. 2024 వరకు బ్రిటిష్ గ్రాండ్ ప్రి జరిగిన కార్డిఫ్ ప్రిన్సిపాలిటీ స్టేడియం లాంటి చోట కప్పు మూస్తే మోత బయటికి పోయే దారి ఉండదు. అలాంటి చోటికి మఫ్‌లు లేకుండా చంటిబిడ్డను తీసుకెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

రెండు నిమిషాల హెచ్చరిక

ఈ ఒక్కటి గుర్తుంటే సగం ఇబ్బందులు తప్పుతాయి. హీట్‌కి ముందు రెఫరీ రెండు నిమిషాల హెచ్చరిక ఇస్తాడు. ఆ గడువులోగా స్టార్టు దగ్గరికి రాని రైడర్‌ని ఆ హీట్ నుంచి తప్పిస్తారు. మా ఇంట్లో ఆ హెచ్చరిక మాక్కూడా వర్తిస్తుంది. అది వినపడగానే టీ కప్పు మీద మూత, ముఖాల మీద కళ్లజోళ్లు, పిల్లలు మా చేతికందే దూరంలో. ఎంత ఆటలో ఉన్నా సరే. టీకీ టాయిలెట్‌కీ వెళ్లాల్సింది హీట్ ముగిసిన వెంటనే, హెచ్చరిక విన్నాక కాదు. మెట్ల మీద వేడి కప్పులతో ఒకరినొకరు గుద్దుకునేది ఆలస్యంగా పరిగెత్తినవాళ్లే.

మరి మిగతా విరామం మాటేమిటి? దానికి మందు గేటు దగ్గర అమ్మే ప్రోగ్రామ్ పుస్తకం. దాంతో పాటు ఒక పెన్ను. ఇక్కడివాళ్లు అట్టకు క్లిప్పు పెట్టి మరీ తెచ్చుకుంటారు. హీట్‌లో ఒక్కో జట్టు నుంచి ఇద్దరు. సొంత జట్టువాళ్లవి ఎరుపు, నీలం హెల్మెట్లు, బయటి జట్టువాళ్లవి తెలుపు, పసుపు. మొదట వచ్చినవాడికి 3 పాయింట్లు, తరవాత 2, 1, ఆఖరివాడికి సున్నా. ఒకే జట్టు ఇద్దరూ ముందుంటే 5-1. ఇంతే లెక్క. ఈ పుస్తకం చేతిలో పెట్టాక మా అమ్మాయి మళ్లీ కంచె దగ్గరికి వెళ్లలేదు. క్రికెట్ స్కోరుబుక్ రాసిన అనుభవమున్న మావయ్యగారైతే రెండో హీట్ కల్లా పక్కసీటులో ఉన్న ముసలాయనకే తప్పు చూపించారు. ఆయన మెచ్చుకుని, ఆ సీజన్ కథంతా చెప్పుకొచ్చారు. స్పీడ్‌వే జనంతో స్నేహం ఇట్టే కుదురుతుంది. అడిగితే ప్రాణం పెట్టి చెబుతారు.

పిట్స్‌లో

మ్యాచ్ అయ్యాక పిట్స్‌లోకి, అంటే బండ్లను సిద్ధం చేసే చోటికి, రానిస్తే తప్పకుండా వెళ్లండి. సంతకాలిస్తారు, బండి పక్కన ఫొటో దిగనిస్తారు. ఇంకే మోటారు పందెంలోనూ నేను ఇంత దగ్గరితనం చూడలేదు. కానీ పొగగొట్టం చాలాసేపు కాలుతూనే ఉంటుంది. నిక్కరు వేసుకున్న పిల్లల పిక్క సరిగ్గా ఆ ఎత్తుకే వస్తుంది. మెథనాల్ డబ్బాలకు దూరంగా ఉంచండి. అది మింగితే విషం. అంటుకుంటే పగటి వెలుగులో మంట దాదాపు కనిపించదు, కాలుతోందని తెలిసేసరికే ఆలస్యమవుతుంది. సిగరెట్ గానీ లైటర్ గానీ అక్కడ జేబులోంచి తీయకండి.

ఎవరైనా పడితే

ఎర్ర లైట్లు వెలుగుతాయి, హీట్ ఆగిపోతుంది. కూర్చున్నచోటే ఉండండి. కంచె దగ్గరికి తోసుకెళ్లకండి. ఫోను దించండి. పడ్డవాడి తల్లో, భార్యో, పిల్లలో మీకు నాలుగు వరసల అవతల ఉండవచ్చు. వాళ్లకు తెలియకముందే ఆ వీడియో ఊరంతా తిరగడం కన్నా పాపం ఏముంటుంది? రైడర్‌ని ఆసుపత్రికి తీసుకెళితే, తగినంత వైద్య సాయం మళ్లీ సిద్ధమయ్యేదాకా పందెం మొదలవదు. ఆ ఆలస్యానికి మాత్రం గొణగకండి. టేపుల దగ్గర రైడర్లు ఆగి ఉన్నప్పుడు ఫ్లాష్ కొట్టడం, లేజర్ లైటు వేయడం కూడా ఎన్నడూ చేయకూడదు.

నిర్వాహకులకు ఒక మాట

చెప్పండి. దయచేసి చెప్పండి. ట్రాక్ ఎందుకు సర్దుతున్నారో, ఎంతసేపు పడుతుందో, వానకు ఆపేస్తే టికెట్ సంగతేమిటో మైకులో చెప్పండి. 2015 ఏప్రిల్‌లో వార్సా నేషనల్ స్టేడియంలో పోలండ్ అభిమాన రైడర్ టొమాష్ గొలోబ్‌కి వీడ్కోలు అని జరిపిన గ్రాండ్ ప్రిలో స్టార్టు గేటు పనిచేయలేదు, ట్రాక్ బాగా లేదు, 12 హీట్లకే ఆపేశారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం పడ్డ బాధ తీర్చలేనిది. యంత్రం ఎప్పుడైనా చెడిపోవచ్చు. చీకట్లో ఉంచకపోవడం మాత్రం మీ చేతిలోనే ఉంది. కొత్తగా వచ్చేవాళ్ల కోసం గేటు దగ్గర ఒక పలక పెట్టండి: మట్టి ఎక్కడ పడుతుంది, ప్రథమ చికిత్స ఎక్కడ, తప్పిపోయిన పిల్లల్ని ఎక్కడ ఉంచుతారు. కళ్లజోళ్లూ చెవి మఫ్‌లూ జెర్సీల పక్కనే అమ్మండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు మట్టి పడని, కంచె అడ్డురాని చోటు ఇవ్వండి. చాలాచోట్ల వాళ్లను నేల మట్టంలో కూర్చోబెట్టడం చూసి నాకు బాధ కలిగింది.

తిరుగు ప్రయాణం

ఎండగా ఉందని స్వెట్టర్లు వదిలి రాకండి. పొద్దు కుంకగానే చలి పట్టుకుంటుంది, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు వణికిపోతారు. తెల్ల బట్టలు వద్దు. బయటి తిండి రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. రానిస్తే పెరుగన్నం డబ్బా ట్రాక్టరు తిరుగుతున్నప్పుడే విప్పాలి. కారెక్కే ముందు చొక్కాలు, టోపీలు దులపండి. ఎంత నిద్రమత్తులో ఉన్నా పిల్లలకు తలంటి పడుకోబెట్టండి. మట్టి జుట్టులోంచి దిండు మీదికీ, దిండు మీంచి కంట్లోకీ చేరుతుంది.