పసిబిడ్డ ఏడుపు – పెద్దల ఓర్పు

1860వ సంవత్సరము మొదలు నేటాలు చెరకు తోటలకు వచ్చిన తెలుగువారికి జోలపాట తల్లులిచ్చిన ఆస్తి.

నవజాత శిశువు ఏడుపు రెండవ వారము నుండి హెచ్చి, ఆరవ వారమున తీవ్రమై, మూడు నాలుగు నెలలకు తగ్గును. సాయంకాలము అధికము. ఇది తల్లి లోపము కాదు, దిష్టియు కాదు.

ముందుగా ఆకలి, తడిగుడ్డ, ఉక్క చూడవలెను. పిమ్మట బిడ్డను రొమ్మునకు హత్తుకొని, మెల్లగా నడచుచు జోల పాడవలెను. గర్భమందే విన్న తల్లి గొంతు బిడ్డకు పరిచితము.

ఓర్పు నశించినను బిడ్డను కుదుపరాదు. మెదడు దెబ్బతిని ప్రాణమే పోవచ్చును. పడకపై వెల్లకిల పరుండబెట్టి, తల్లి కొంతసేపు ఎడముగా నిలువవలెను. అమ్మమ్మనో ఆడపడుచునో సాయము పిలువవలెను.

జ్వరము 38 డిగ్రీలకు చేరినను, పాలు మానినను వెంటనే వైద్యునికి చూపవలెను.

జోలపాటయే ఇంటిలో తొలి తెలుగు పాఠము.